మూడవ బిడ్డ ఎవరి భారము?

“పన్ను కట్టువాడొకడు, ఆ సొమ్ముతో సంతానమును పెంచుకొనువాడొకడు” అను ఆక్షేపణ బ్రిటనులో రెండు శతాబ్దములకు పైగా వినబడుచున్నది. ఇందులో న్యాయమెంత, అపోహ యెంత అను విషయమును ఇచట మేము విచారింపదలచితిమి.

1795లో బర్క్‌షైరు మండలపు న్యాయాధికారులు స్పీనమ్‌లాండులో సమావేశమైరి. కూలి చాలని కుటుంబమునకు, రొట్టె ధరను, ఇంటిలోని తలలను లెక్కించి, బీదల పన్నునుండి లోటు పూరింపవలెనని నిర్ణయించిరి. ఇట్టి సహాయమువలన బీదలు వెనుకముందు చూడక పెండ్లాడి సంతానమును పెంచుకొందురని మాల్థస్ వాదించెను. చట్టము వెలువడిన ఏడాది తరువాత జరుగు వివాహములవలన కలిగిన పిల్లలకు సహాయమే ఇయ్యరాదని ఆయన 1803లో తన గ్రంథపు రెండవ కూర్పున సూచించెను.

ఇరువదవ శతాబ్దమున ఎలినార్ రాత్‌బోన్ దీనికి ఎదురువాదము వినిపించెను. వేతనము చేసిన పనినిబట్టి వచ్చునే గాని, తినవలసిన నోళ్లనుబట్టి రాదు. ఆ వెలితిని సమాజమే పూడ్చవలెనని ఆమె పోరాడెను. 1945లో చట్టమైనది. 1946 ఆగస్టు నుండి రెండవ బిడ్డ మొదలుకొని ఒక్కొక్కరికి వారమునకు 5 షిల్లింగులు లభించినవి. మొదటి బిడ్డకు లేదు. ఒక్క బిడ్డను జీతము పోషింపగలదు, తరువాతివారికే ఆదరువు కావలెనని నాటి తలంపు.

2017లో ఈ తలంపు తలక్రిందులైనది. ఆ యేడు ఏప్రిలు 6న గాని, ఆ పిమ్మట గాని పుట్టిన మూడవ బిడ్డకు, తరువాతివారికి, కుటుంబపు ఆదాయమునుబట్టి ఇచ్చు సహాయములో వాటా లేకుండ చేసిరి. సాధారణ శిశుభృతి మాత్రము కొనసాగినది. కవలలు, దత్తత వంటి సందర్భములకు మినహాయింపులుండెను. 2024, 2025 సంవత్సరముల అభిప్రాయ సేకరణలలో అధికసంఖ్యాకులు ఈ పరిమితినే సమర్థించిరి.

వారిని కఠినహృదయులని త్రోసివేయరాదు. రాబడిని చూచుకొని ఇద్దరితో ఆగిన దంపతులు “మాకు లేని వెసులుబాటు వారికెందులకు?” అని అడుగుట సహజమే. అయితే వారి మనస్సున మెదలునది పదిమంది పిల్లలతో, పనిపాటలు లేక కూర్చున్న ఇల్లు. లెక్కలలో కనబడిన ఇల్లు వేరు. పరిమితి సోకిన కుటుంబములలో అధికభాగము ముగ్గురు పిల్లలవే. సగమునకు పైగా ఇండ్లలో ఎవరో ఒకరు పని చేయుచునే యుండిరి. బిడ్డ పుట్టిననాడున్న ఉద్యోగము తరువాత పోవచ్చును; వ్యాధి రావచ్చును; సంసారము విడిపోవచ్చును. ముందుచూపు గలవారికిని ఇవి తప్పవు.

ఇక జననములపై ఈ నిబంధన ప్రభావము మిక్కిలి స్వల్పమని పరిశోధకులు తేల్చిరి. పెద్ద కుటుంబములలో పేదరికము మాత్రము హెచ్చినది. 2026 ఏప్రిలు నుండి పరిమితిని తొలగింతుమని 2025 నవంబరు బడ్జెటులో ప్రభుత్వము ప్రకటించినది.

చట్టము మారినంతనే జనుల అభిప్రాయము మారదు. తల్లిదండ్రుల వివేకమును గూర్చి ఎవరి తీర్పు వారికుండవచ్చును. కాని మనము తప్పుపట్టునది ఎవరిని, దానివలన పస్తుండునది ఎవరు అను రెండు ప్రశ్నలను వేరువేరుగా అడిగి చూడవలెనని శ్రోతలకు మా మనవి.