తక్కువ జి.పి.ఎ., ఎం.బి.ఎ. ప్రవేశం: అంచనా ఎలా?

బి.టెక్.లో వచ్చిన 62 శాతాన్ని 4 పాయింట్ల కొలమానంలోకి మార్చి, 2.48 అని లెక్కగట్టి, అమెరికాలో ఎం.బి.ఎ. ఆశ వదులుకొనేవారున్నారు. ఆ లెక్కే సరికాదు. మన విశ్వవిద్యాలయాల్లో 60 శాతం దాటితే సాధారణంగా ప్రథమశ్రేణి, అక్కడ 2.48 అంటే బి మైనస్ కన్నా తక్కువ. అందుకే పలు బిజినెస్ స్కూళ్ళు మార్కులను మార్చకుండా, ఉన్నవున్నట్టుగానే ఇమ్మంటాయి.

స్కూళ్ళు ప్రకటించే సగటు జి.పి.ఎ. కనీసార్హత కాదు. ప్రవేశం పొందినవారిలో మధ్యస్థ 80 శాతం మందికి 3.3 నుంచి 3.9 వరకు ఉన్నదనుకుందాం. అంటే పదిమందిలో ఒకరు 3.3 లోపువారే. అయితే అంతే జి.పి.ఎ.తో ఎందరు తిరస్కరణకు గురయ్యారో ఆ అంకెలు చెప్పవు.

తక్కువ మార్కులు ప్రధానంగా రేకెత్తించే సందేహం ఒకటే: గణాంకశాస్త్రం, అకౌంటింగ్, ఫైనాన్స్ పాఠాలను ఈ అభ్యర్థి తట్టుకోగలడా? సమాధానం ఇటీవలి రుజువుల్లో ఉండాలి. 205–805 కొలమానం గల నేటి జీమ్యాట్‌లో గణిత విభాగపు స్కోరు, ఇటీవల చదివిన గణాంక కోర్సులో మంచి గ్రేడు, ఏటేటా పెరిగిన మార్కులు అటువంటివి. మార్కులు తగ్గిన కారణాన్ని ఐచ్ఛిక వ్యాసంలో సాకులు లేకుండా నాలుగు వాక్యాల్లో చెబితే చాలు. గణితంలో మార్కులూ, జీమ్యాట్ గణిత స్కోరూ రెండూ బలహీనమైతే, మరిన్ని స్కూళ్ళకు దరఖాస్తు చేయడంకన్నా ఒక ఏడాది ఆగి సిద్ధపడడమే మేలు.