నల్లరాతి వంటగట్టుపై తెల్లపొర

అద్దమువలె తళతళలాడు పాలిషు నొల్లక, మెఱుపు తీసివేసిన హోన్డ్ నల్లగ్రానైటును వంటగట్టునకు పఱపించుకొన్న హైదరాబాదు నందలి ఉప్పల్, నాచారము పేటల వాసులు కొందఱు, సీలరు పూయించిన పిమ్మట గట్టుపై తెల్లని పొరయు, చారలును, చేయి సోకినచోట నెల్ల జిడ్డుముద్రలును గాంచి, పూత చాలలేదని తలంచి మేస్త్రీచేత మఱియొక పూత వేయింతురు. అది వ్యాధిని పెంచు చికిత్స.

ఈ పేటల నేల యడుగున నున్నది సుమారు 250 కోట్ల యేండ్లనాటి నిజమైన గ్రానైటు. దాని వర్ణము బూడిద, గులాబి. మన గట్టుమీది నల్లరాయి ఆ జాతిది కాదు. ఒంగోలు చెంతనున్న చీమకుర్తి గనుల బంగారుచుక్కల గెలాక్సీరాయి భూశాస్త్రజ్ఞుల లెక్కలో గాబ్రో వర్గమునకు జెందినది. అంగడిలో గ్రానైటని పిలువబడు కారునలుపు రాళ్లలో అనేకములు డోలరైటులు. కరగిన శిలాద్రవము చల్లారునపుడు స్ఫటికములు ఒండొంటితో పెనగొని బిగిసిపోవుటచే వీనియందు రంధ్రములు అత్యల్పములు. కావున లోనికి ఇంకవలసిన సీలరునకు చోటు చాలక, మిగిలిన ద్రవము పైననే యెండి తెల్లపొర యగుచున్నది. జిడ్డుముద్రల మాట వేఱు. హోన్డ్ రాతిపై కాంతి నలుదెసల చెదరుటచే నలుపు కొంత బూడిదగా తోచును. నూనెచేయి తగిలినచోట ఆ చెదరుట తగ్గి నలుపు చిక్కనగును. దానిని సాధారణ సీలరు మాన్పజాలదు. సబ్బునీటితో తుడుచుటయే మార్గము.

తెల్లపొర క్రొత్తదైనచో, అదే సీలరును పలుచగా రాచి, పాతపొర మెత్తబడిన కొలది నిమిషములలోనే, ఎండనీయక, పొడిబట్టతో పూర్తిగా తుడిచివేయవలెను. గట్టిపడినచో ఎసిటోనులో తడిపిన తెల్లబట్టతో తుడువవచ్చును. కాని పొయ్యి ఆర్పి, సిలిండరు రెగ్యులేటరు కట్టివేసి, కిటికీలు తెఱచిన పిదపనే దానిని చేతబట్టవలెను. బట్టకు నలుపంటినచో ఆ రాతికి రంగు వేసియుండవచ్చును. అంతటితో ఆపి, అమ్మినవానిని నిలదీయుడు. కుళాయి చుట్టునుండు తెలుపు తఱచుగా బోరునీటి సున్నమే గాని సీలరు కాదు. స్నానాలగదికి వాడు యాసిడును మాత్రము దేనికొఱకును ఈ గట్టుపై పోయరాదు.

చింతపండుపులుసో, నిమ్మరసమో పడినచోట మచ్చ నిలిచినచో, అది గ్రానైటు గాక సున్నపురాయియైన నల్లకడపరాయి యేమో పరీక్షింపవలెను. ఆమ్లము సున్నపురాతి పైపొరనే తినివేయును. ఆ మచ్చను సాధారణ సీలరు ఆపజాలదు, మరల అరగదీయింపవలసినదే.

సింకుకొఱకు కోసిన ముక్కను మేస్త్రీ పాఱవేయకముందే అడిగి దాచుకొనుడు. నిమ్మరసమును, ఎసిటోనును మొదట దానిపైననే పరీక్షింపవచ్చును. అట్లే శుభ్రపఱచి యారిన గట్టుపై నాలుగు నీటిచుక్కలు వేసి, పదునైదు నిమిషములైన పిమ్మట తుడిచి చూడుడు. ఆ చోటు నల్లబడనిచో, రెండవ పూతకు రూపాయియైన నీయకుడు.