పాంటు కాలు ఎందుకు పొట్టిదవుతుంది?

జూన్ నెలలో బడులు తెరిచేసరికి హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల దర్జీలకు తీరిక ఉండదు. రెడీమేడ్ పాంటు నడుముకు సరిపోతే కాలు పొడవవుతుంది. దాన్ని పట్టుకుని దర్జీ దగ్గరకు పరుగెత్తుతాం. అనుభవమున్న దర్జీ టేపు తీసే ముందు ఒక ప్రశ్న వేస్తాడు: "ఒకసారి తడిపారా బాబూ?"

ఇంట్లో మీరే అంచు మడిచి కుట్టుకోదలచినా ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. కత్తిరించిన ముక్కను మళ్లీ అతికించలేం గదా!

నూలుగుడ్డను భూతద్దంతో చూడండి. నిలువుగా సాగే పోగులు పడుగు. అడ్డంగా పోయేవి పేక. పాంటు కాలు పొడవునా ఉండేది సాధారణంగా పడుగే. ఇది తిన్నగా ఉండదు, పేక పోగుల మీదుగా, కిందుగా వంకరలు తిరుగుతూ పోతుంది. తడిసినప్పుడు నూలు పీచు నీటిని పీల్చి ఉబ్బుతుంది. దాని మందం దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. పొడవు మాత్రం పెరగదనే చెప్పాలి. మరి పీచు లావెక్కితే గుడ్డ చిన్నదవడమేమిటి?

చేసి చూడండి. ఆరు పెన్సిళ్లను అంగుళం ఎడంగా వరసగా పేర్చండి. ఒక దారాన్ని మొదటి దాని మీదుగా, రెండవ దాని కిందుగా, ఇలా చివరిదాకా పోనిచ్చి, సరిగ్గా అక్కడికి తెంచండి. ఇప్పుడు ప్రతి పెన్సిలుకూ పాత కాగితం లావుగా చుట్టి, అదే దారాన్ని మళ్లీ పోనివ్వండి. చివరిదాకా అందదు! అందాలంటే పెన్సిళ్లను దగ్గరికి జరపాలి. గుడ్డలోనూ ఇదే జరుగుతుంది. పైగా మిల్లులో పడుగును బిగలాగి నేస్తారు. నీళ్లు తగలగానే ఆ బిగువు సడలుతుంది. ఆరాక పీచు సన్నబడినా, ఒరిపిడి వల్ల పోగులు పాత చోటికి పోవు.

100 సెంటీమీటర్ల కాలు నూటికి మూడు వంతులు కుంచించుకుపోయిందనుకోండి. మూడు సెంటీమీటర్లు పోయినట్టే. చీలమండ బయటపడడానికి అది చాలు! మిల్లులోనే గుడ్డను ముందుగా కుదించే పద్ధతికి అమెరికాకు చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930లో పేటెంటు పొందాడు. 'శాన్‌ఫరైజ్డ్' అన్న మాట ఆయన పేరు నుంచి వచ్చిందే. పాలియెస్టర్ నీటిని పీల్చుకోదు కాబట్టి టెరికాటన్‌తో ఇంత బాధ లేదు.

కాబట్టి ముందు తడిపి, ఆరవేసి, ఇస్త్రీ చేయండి. తరవాత బడికి వేసుకునే బూట్లతోనే నిటారుగా నిలబడండి. సుద్దగీత వేరెవరైనా గీయాలి. మీరే వంగితే పాంటు పైకి లేచి కొలత తప్పుతుంది. గీతకు కింద ఆరు సెంటీమీటర్ల గుడ్డ వదిలి, మిగిలినది కత్తిరించండి. ఎదిగే పిల్లలకు అసలు కత్తిరించకుండా మడవడమే మేలని నా అభిప్రాయం.

కత్తిరించిన అంచున చివరి పేక పోగును అవతల నుంచి పట్టి ఉంచేది ఏదీ లేదు. అందుకే అది జారిపోతుంది, దాని వెనుక ఇంకొకటి. ఆ అంచును ఒక సెంటీమీటరు లోపలికి మడిచి దాచేయండి. అప్పుడు గీత దగ్గర రెండవ మడత పెట్టి, గుండుసూదులు గుచ్చండి. కుట్టేటప్పుడు సూది బయటి గుడ్డలో ఒకటి రెండు పోగులనే పట్టుకోవాలి. అప్పుడు కుట్టు పైకి కనిపించదు. దారాన్ని బిగించి లాగకండి. కాలు దూర్చినప్పుడు బొటనవేలు మడతకు తగిలితే గుడ్డ కొంచెం సాగుతుంది. బిగుసుకున్న దారం సాగలేక పుటుక్కున తెగుతుంది.

వచ్చే ఏడాది మడత విప్పితే పాత గీత ఒకటి కనిపిస్తుంది. మడత అంచు నేలకూ బూటుకూ రాసుకుని రంగు పోగొట్టుకుంటుంది. లోపల దాగిన గుడ్డ కొత్తగానే ఉంటుంది. ఆ గీతను ఇస్త్రీపెట్టె కూడా చెరపలేదు.