ఈతలో మెడకు తగులు దెబ్బలు – చేయవలసిన చికిత్స

ఎండలు ముదిరినంతనే మన పల్నాటి పల్లెలలోని పడుచువాండ్రు బావులకును, కాలువలకును చేరుదురు. ఈత మంచి వ్యాయామము. రైతుబిడ్డకు వచ్చియుండవలసిన విద్య. అయితే గట్టుమీదినుండి తలక్రిందులుగా దుముకు వేడుకవలన ఒక్క క్షణములో మెడ విఱిగి, దుక్కి దున్నవలసిన పడుచువాడు జన్మమంతయు మంచము పట్టుట సంభవించును. ఈ యాపద తప్పించుకొను మార్గమును, తటస్థించినపుడు చేయవలసిన సాయమును సభ్యులందఱు నెఱుగవలెను.

1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరపు నీరు కాలువలకు వదలబడినది. నాటినుండి కుడికాలువ మన పొలములకు ప్రాణాధారమైనది. కాని కాలువనీటి లోతు వదలెడు నీటినిబట్టి మాఱుచుండును. నిన్న నిలువులోతు గలచోట నేడు మొలలోతే యుండవచ్చును. బురదనీటిలో అడుగు కానరాదు. పాతబావులలో వేసవియందు నీరు దిగి, కూలిన రాళ్లు పైకి వచ్చును. నాపరాతి గనుల గోతులలో వాననీటి క్రింద రాతిమెట్లు దాగియుండును.

మన మెడలో ఏడు పూసలు గలవు. వాని నడుమ వెన్నుపాము మెదడునుండి కాలుసేతులకు ఆజ్ఞలు కొనిపోవును. తల నేలకు తాకి యాగినపుడు, వెనుక వచ్చు శరీరభారమంతయు మెడపై బడి పూస చితుకును. తఱచుగా దెబ్బ తినునది ఐదవ పూస. ఇంకను పైపూసలు చెడినచో ఊపిరియే యాగవచ్చును. ఎముక అతుకుకొనును గాని, తెగిన వెన్నుపాము అతుకుకొనదు.

మఱియొక సంగతి ముఖ్యముగా గమనింపుడు. పూస విఱిగినను వెన్నుపాము చెడకుండ మిగులుట కలదు. అట్టివానిని ఆత్రముతో లాగి, భుజముపై వైచుకొనుటవలన, లేదా మోటారు సైకిలుపై ఇరువురి నడుమ కూర్చుండబెట్టుటవలన ఆ మిగిలినదియు చెడును. కావున దుమికినవానికి మెడనొప్పి, చేతులలో తిమ్మిరి, కాళ్లలో బలహీనత ఇందేది యున్నను మెడ విఱిగినదనియే యెంచవలెను.

నీటిలో బోరగిల తేలువానిని వెంటనే వెల్లకిల త్రిప్పవలెను. అతని రెండు చేతులను చెవులకు ఆనునట్లు తలపైకి చాచి పట్టి, తలయు మొండెమును ఒక్క దూలమువలె కదలునట్లు త్రిప్పుడు. ఊపిరి యున్నచో ముఖము నీటిపైన నుండునట్లు పట్టుకొని, తలుపుచెక్క వంటి బల్లను క్రిందుగా జొనిపి నలుగురును కలిసి గట్టునకు చేర్పవలెను. తలకు ఇరుప్రక్కల తువ్వాలు చుట్టలుంచి కదలకుండ చేయుడు. మెడ సరిచేయ యత్నింపరాదు. తల క్రింద దిండు పెట్టరాదు. నోట నీరు పోయరాదు.

ఊపిరి లేనిచో మెడకంటె ప్రాణము ముఖ్యము. వెంటనే గట్టునకు చేర్చి, తల వంచక క్రింది దవడను ముందునకు నెట్టి, నోటితో ఊపిరి యూదవలెను. అట్లు గాలి పోనిచో తలను కొంచెము వెనుకకు వంచియైనను ఊదవలెను. పిమ్మట ఱొమ్ము నడుమ 30 సార్లు గట్టిగా నొత్తుట, 2 సార్లు ఊదుట, ఈ క్రమము సాగింపుడు. కడుపు నొక్కి నీరు కక్కించుట, కాళ్లు పట్టి తలక్రిందులు చేయుట కూడదు.

ఈలోగా ఒకరు 108కి ఫోను చేయవలెను. పెద్ద ఆసుపత్రిలో పూసల చిత్రములు తీసి, అవసరమైనచో శస్త్రచికిత్స చేయుదురు. కాళ్లు చచ్చుబడినవానిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పనిచో ఒంటిపై పుండ్లు పడును. ఇట్టివారికి మరల జీవనోపాయము నేర్పు శిక్షణాలయములును గలవు. 1954లో మోటారు ప్రమాదమున కాళ్లు చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీసు చక్రముల కుర్చీనుండియే వైద్యము చేసి, వెల్లూరులో అట్టి శాఖకు నాయకత్వము వహించినది.

ఈతలో కండరము పట్టినంత మాత్రమైనచో రెండు దినములు విశ్రాంతి, చల్లని కాపడము, తరువాత వేడి కాపడము చాలును. మెడ విఱిపించుకొనుట తగదు. నొప్పి చేతికి ప్రాకినచో వైద్యునికడకు పోవలెను.

క్రొత్త నీటిలో మొదట కాళ్లతో మెల్లగా దిగి, లోతు చూచుకొనుడు. త్రాగి నీట దిగకుడు. ప్రతి సహకార సంఘమును తన గిడ్డంగియందు ఒక పొడవైన బల్ల, ఒక మోకు ఉంచి, మహాజనసభలో ఒకమాఱు ఈ విధానము యువకులకు చూపింపవలెను. దీనికగు వ్యయము స్వల్పము. కాపాడబడునది ఒక కుటుంబము.