కారుకు మెరుపు... ఊపిరికి ముప్పు

డెంటింగ్‌, పెయింటింగ్‌ షెడ్లలో పనిచేసేవారికి వచ్చే దగ్గు, ఆయాసాలను 'దుమ్ములో పని కదా, మామూలే' అని కొట్టిపారేయొద్దు. అది రంగుతో వచ్చిన ఆస్థమా కావొచ్చు. త్వరగా గుర్తిస్తే కోలుకునే అవకాశం ఎక్కువ.

కారుకు చిన్న గీత పడినా మనసు ఊరుకోదు. షెడ్డుకు తీసుకెళ్తాం. నాలుగు రోజుల్లో కొత్తదానిలా తిరిగొస్తుంది. మరి ఆ రంగు కొట్టిన కుర్రాడు మూతికి ఏం కట్టుకున్నాడో ఎప్పుడైనా గమనించారా? చాలాచోట్ల కనిపించేది జేబురుమాలే. మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఎవరైనా ఈ పనిలో ఉంటే ఈ విషయాలు తప్పక తెలుసుకోండి.

వాసన లేనిదే ఎక్కువ ప్రమాదం

షెడ్డులో గుప్పున కొట్టేది థిన్నర్‌ వాసన. ఇందులోని టోలిన్‌, జైలిన్‌ వంటి ద్రావకాలతో తలనొప్పి, తల తిరగటం, వికారం తలెత్తుతాయి. ఏళ్ల తరబడి పీలిస్తే మతిమరుపు, చిరాకు, వినికిడి తగ్గటం వంటివీ రావొచ్చు.

అంతకన్నా జాగ్రత్త పడాల్సింది హార్డ్‌నర్‌తో. రంగు త్వరగా గట్టిపడి మెరవటానికి దీన్ని కలుపుతారు. ఇందులో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే గన్‌తో కొట్టినప్పుడు ఇవి సన్నటి తుంపరగా గాల్లో కలుస్తాయి. హానికర మోతాదుకు చేరినా వీటి వాసన తెలియకపోవచ్చు. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ వీటిని శత్రువుగా భావించటం మొదలెడుతుంది. ఇది కొన్ని నెలలకు జరగొచ్చు, కొన్నేళ్లకూ జరగొచ్చు. ఒకసారి ఇలా అయ్యాక రవ్వంత తగిలినా ఆయాసం ముంచుకొస్తుంది. 'పదేళ్లుగా కొడుతున్నా, నాకేం కాలేదు' అన్న ధీమా అందుకే పనికిరాదు.

సెలవు రోజు చెప్పే గుట్టు

పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, పొడి దగ్గు దీని లక్షణాలు. ఇవి పనిలో ఉండగానే రావాలనేం లేదు. ఇంటికొచ్చాక, అర్ధరాత్రి కూడా మొదలవ్వచ్చు. అందుకే చాలామంది పనితో ముడిపెట్టి చూసుకోరు. ఆదివారం, పండగ సెలవుల్లో తేలికపడి, తిరిగి పనిలోకి వెళ్లగానే పెరుగుతుంటే అనుమానించాల్సిందే.

డాక్టర్‌ దగ్గరికి వెళ్లినప్పుడు ఏం పని చేస్తారో, హార్డ్‌నర్‌ ఎంత తరచుగా వాడతారో ముందే చెప్పండి. వీలైతే డబ్బా మీది వివరాలను ఫోన్లో ఫొటో తీసుకెళ్లండి. స్పైరోమెట్రీ పరీక్ష ఒక్కోసారి మామూలుగానే ఉండొచ్చు. అలాంటప్పుడు పీక్‌ఫ్లో మీటర్‌తో పని రోజుల్లో, సెలవుల్లో రోజుకు నాలుగైదు సార్లు ఊది, అంకెలు రాసుకుంటే తేడా బయటపడుతుంది. ఇన్‌హేలర్‌ వాడుతూ అదే స్ప్రే పని కొనసాగిస్తే జబ్బు ముదిరి శాశ్వతంగా ఉండిపోవచ్చు. స్ప్రేకు దూరంగా ఉండే పనికి మారటం చికిత్సలో భాగమే.

రుమాలు చాలదు

రుమాలు ఆవిరిని ఆపలేదు. ఎన్‌95 మాస్కు కూడా అంతే. ద్రావకాల ఆవిరికి బొగ్గు ఫిల్టర్ల మాస్కు కొంత రక్షణ ఇస్తుంది. ఫిల్టర్లను గడువులోపు మార్చాలి. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదు. హార్డ్‌నర్‌ కలిపిన రంగుకైతే బయటి నుంచి మంచి గాలిని పంపే మాస్కే ఉత్తమం. గాలిని బయటకు లాగే ఫ్యాన్లున్న స్ప్రే బూత్‌లోనే రంగు కొట్టాలి. కొట్టటం పూర్తయినా తుంపర కాసేపు గాల్లోనే ఉంటుంది. ఎలా వచ్చిందో చూద్దామని వెంటనే మాస్కు తీయొద్దు.

ఇంట్లో వాళ్లూ జాగ్రత్త

* చేతులకంటిన రంగును థిన్నర్‌తో కడగొద్దు. ఇది చర్మం ద్వారా ఒంట్లోకి చేరుతుంది. గ్లవుజులు వేసుకోవాలి. రంగు అంటితే సబ్బుతో కడుక్కోవాలి.
* పాత రంగును గీకినప్పుడు లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు. ఇది పిల్లల మెదడుకు హానికరం. పని దుస్తులు షెడ్డులోనే మార్చుకోవాలి, విడిగా ఉతకాలి. స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి.
* ఈఎస్‌ఐ కింద పని కారణంగా వచ్చే ఆస్థమాను వృత్తి వ్యాధిగా గుర్తిస్తారు. కార్డు ఉన్నవారు చికిత్స, పరిహారం గురించి అడగొచ్చు.

ఈసారి కారు ఇచ్చేటప్పుడు 'ఎంతవుతుంది? ఎప్పుడిస్తారు?' అని అడగటంతో ఆగకండి. బూత్‌ ఉందా, మాస్కులు ఇస్తున్నారా అనీ అడగండి. రేపే కావాలని తొందర పెట్టకండి. ఖాతాదారులు అడిగితే యజమానులూ పట్టించుకుంటారు.