వెంకటేశం మన బ్యాచే: స్టూడెంట్ నాటకం ఎలా పనిచేస్తుంది?

తెలుగులో ఆధునిక నాటకాన్ని మొదట స్టేజి ఎక్కించింది పేరున్న నటులు కాదు, స్టూడెంట్లు. మన క్లబ్బులో ఇద్దరు ముగ్గురిని అడిగితే వాళ్లకీ ఈ సంగతి కొత్తగానే ఉంది. అందుకే రాస్తున్నా.

1880, రాజమండ్రి. ధార్వాడ నుంచి ఒక నాటక కంపెనీ ఊరికి వచ్చింది. పాక వేసుకుని నాటకాలు ఆడి, తర్వాత వెళ్లిపోయింది. పాక మాత్రం మిగిలింది. అక్కడ తెలుగు పండితుడిగా ఉన్న కందుకూరి వీరేశలింగం గారు ఆ పాకలోనే తన విద్యార్థులతో 'చమత్కార రత్నావళి' ఆడించారు. అది షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కి తెలుగు రూపం. కోర్టుల్లో జరిగే మోసాల మీద ఆయన రాసిన 'వ్యవహార ధర్మబోధిని'ని కూడా ఆ రోజుల్లోనే విద్యార్థులే ఆడారు. వేరేవాళ్లు వదిలేసిన పాక, ఇంగ్లిష్ నుంచి తెచ్చుకున్న కథ, క్లాసులో పిల్లలు. బడ్జెట్ లేదని ఏడ్చే మన ఫెస్ట్ కమిటీలు ఒకసారి ఇది చదవాలి. వీరేశలింగం గారు పుట్టిన ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా చేస్తున్నారు.

నాటిక వేరు, నాటకం వేరు

కాలేజీ టీములు ఎక్కువగా వేసేవి నాటికలు. గంట లోపల అయిపోతాయి. సెట్ ఒకటే ఉంటుంది, పాత్రలు ఐదారుకి మించవు. నాటకం అంటే పెద్దది, మధ్యలో రంగాలు మారతాయి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్ మొదలైంది. అప్పట్నుంచి ఊరూరా పరిషత్తు పోటీలు అలవాటయ్యాయి. ఆ పోటీలకి టైము లిమిట్ ఉంటుంది కాబట్టి నాటికకి గిరాకీ పెరిగింది.

'కన్యాశుల్కం' లాంటిదైతే మొత్తం వేయడం దాదాపు కుదరదు. గురజాడ అప్పారావు గారి ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చినప్పుడు ఐదు అంకాలు. 1909లో మళ్లీ రాసి ఏడు అంకాలు చేశారు. ఒక్క కోత కూడా లేకుండా ఆడితే తెల్లారిపోతుంది. అందుకే ప్రతి టీమూ ఎడిట్ చేసుకుంటుంది. ఏ సీన్లు ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నదగ్గరే డైరెక్టర్ సగం పని అయిపోతుంది. 'శంకరాభరణం'లో శంకరశాస్త్రిగా చేసిన జె.వి. సోమయాజులు గారు, ఆయన తమ్ముడు రమణమూర్తి గారు సినిమాల కంటే ముందు విజయనగరంలో ఈ నాటకంతోనే పేరు తెచ్చుకున్నారు. తమ్ముడిది గిరీశం, అన్నది రామప్ప పంతులు.

ల్యాబ్ ఎగ్జామ్ తర్వాత

నేను దీన్ని మొదట చూసింది సికింద్రాబాద్‌లో, ప్యాట్నీ దగ్గర ఒక చిన్న హాల్లో. ప్లాన్ ఏమీ లేదు. శుక్రవారం ల్యాబ్ ఎగ్జామ్ అయ్యాక నలుగురం క్యాంటీన్‌లో కూర్చున్నాం. ఇంకో కాలేజీలో చదివే మా రూమ్మేట్ వాళ్ల అన్న నాటకం వేస్తున్నాడంట. "పోదాం పా రా, ఏమైతది, బోర్ కొడితే లేచొద్దాం" అన్నాడు మావాడు. మెట్రో ఎక్కి సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగాం. హాల్లో వంద కుర్చీలుంటే సగం కూడా నిండలేదు. 

వాళ్లు 'కన్యాశుల్కం' నుంచి నలభై నిమిషాలకి సరిపడా సీన్లు తీసుకున్నారు. యాక్టర్లందరూ హైదరాబాద్ పిల్లలే, డైలాగులు మాత్రం ఉత్తరాంధ్ర యాసలో. సగం మందికి తెలుగు చదవడం స్లోగా వస్తుందంట. అందుకే స్క్రిప్టుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసుకుని, యాస కోసం శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్‌తో వాయిస్ నోట్స్ పెట్టించుకుని నెలన్నర ప్రాక్టీస్ చేశారు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. పుస్తకంగా తెరిస్తే రెండు పేజీలు దాటని ఆ భాష, చెవికి వినపడగానే అర్థమైపోయింది. నాటకం రాసేది వినడానికి కదా!

స్టేజి మీద జరిగే ఇంజనీరింగ్

సినిమాలో కెమెరా మన చూపుని లాక్కెళ్తుంది. స్టేజి మీద ఆ పనిని లైటు, మనుషుల పొజిషన్ చేస్తాయి. ఇద్దరు మాట్లాడుకుంటున్నా పూర్తిగా ఒకరి వైపు ఒకరు తిరగరు, కొంచెం మన వైపు ఓరగా నిలబడతారు. అలాగైతేనే ముఖం కనిపిస్తుంది, గొంతు వెనక వరుసదాకా వస్తుంది. గొంతు వినపడటానికి అరవక్కర్లేదు, ఊపిరి పొట్టలోంచి రావాలి. సీన్ మారేటప్పుడు కొన్ని సెకన్లు మొత్తం చీకటి. ఆ చీకట్లో కుర్చీలు జరిపేవాళ్లకి దారి తెలియడానికి నేల మీద మెరిసే టేపు ముక్కలు అంటిస్తారు. షో అయ్యాక స్టేజి ఎక్కి చూడండి, కనపడతాయి.

అన్నిటికంటే కష్టమైంది ఆగడం. జనం నవ్వితే యాక్టర్ తర్వాతి మాట వెంటనే అనకూడదు, అంటే ఎవరికీ వినపడదు. నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగినా సీన్ చచ్చిపోతుంది. నవ్వు తగ్గడం మొదలైనప్పుడు అందుకోవాలి. ఇది రిహార్సల్‌లో రాదు, ఎందుకంటే అక్కడ ఆడియెన్స్ ఉండరు. మన భాషలో చెప్పాలంటే, యూజర్ ఇన్‌పుట్ ఏమొస్తుందో తెలియకుండా లైవ్‌లో రన్ అయ్యే ప్రోగ్రామ్ ఇది. అన్‌డూ లేదు.

నవ్వు ఆగిపోయిన చోటు

గిరీశం గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు. ఇంగ్లిష్ ముక్కలతో ఊళ్లో వాళ్లని బోల్తా కొట్టించే మోసగాడు. అతని శిష్యుడు వెంకటేశం, పరీక్ష ఫెయిలైన కుర్రాడు. సెలవులకి ఇద్దరూ వెంకటేశం ఊరెళ్తారు. అక్కడ తల్లి వెంకమ్మకి వాళ్లిద్దరూ ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటే వినాలని ముచ్చట. అడుగుతుంది. వాళ్లు నర్సరీ రైమ్ ముక్కలు, పాఠం ముక్కలు కలిపి ఏదేదో వాగేస్తారు. ఆవిడ మురిసిపోతుంది.

ఆ రోజు సరిగ్గా ఈ సీన్‌లోనే వెంకటేశం వేసిన కుర్రాడు లైన్ మర్చిపోయాడు. రెండు సెకన్లు నిశ్శబ్దం. గిరీశం వేసిన అన్న ఏమాత్రం తడబడకుండా, తలపాగా సర్దుకుంటూ, "టైమ్ కాంప్లెక్సిటీ ఈజ్ ఆర్డర్ ఆఫ్ ఎన్ స్క్వేర్" అన్నాడు చాలా సీరియస్‌గా. కుర్రాడు వెంటనే అందుకుని "యస్ సర్, బట్ వాట్ ఎబౌట్ స్పేస్?" అన్నాడు. సగం ఖాళీ హాలు దద్దరిల్లింది. మా వరుసలో ఒకడు కుర్చీలోంచి కిందికి జారాడు.

వెంకమ్మ వేసిన అమ్మాయి మాత్రం నవ్వలేదు, పాత్రలోనే ఉంది. కొంగు చేత్తో పట్టుకుని కొడుకు ముఖంలోకి అలా చూస్తూ నిలబడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ముఖం వెలిగిపోతోంది. నాకు నవ్వు ఆగిపోయింది. నేను ఇంట్లో మాక్ ఇంటర్వ్యూ ఫోన్‌లో మాట్లాడుతుంటే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. గరిటె చేతిలోనే ఉంటుంది. తనకి అర్థం కాదు. "బాగా మాట్లాడుతున్నావురా" అంటుంది. నేను ఫోన్‌లో చెప్పేది కూడా చాలాసార్లు బట్టీ పట్టిన ముక్కలే. 1892లో మొదటిసారి ఆడిన నాటకం ఇది. రాసినాయనకి మా ఇల్లు ఎలా తెలిసింది?

పక్కకి చూస్తే మా రూమ్మేట్ కూడా సైలెంట్ అయిపోయాడు. మేం దాని గురించి మాట్లాడుకోలేదు. ఇంటికి ఫోన్ చేస్తానని వాడు బయటికెళ్లాడు.

చాయ్ మీద మీటింగు

షో అయ్యాక టీముతో కలిసి పద్నాలుగు మందిమి నడుచుకుంటూ స్టేషన్ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కి పోయాం. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, చిన్న ఉల్లి సమోసాలు ప్లేట్లకి ప్లేట్లు. గిరీశం అన్న మీసం ఇంకా సగం అంటుకునే ఉంది, చాయ్ తాగుతుంటే ఊడి సాసర్‌లో పడింది. లైన్ మర్చిపోయిన కుర్రాడిని అందరూ "స్పేస్ కాంప్లెక్సిటీ" అని పిలవడం మొదలుపెట్టారు. 

మధ్యలో డైరెక్టర్ అక్క లెక్క చెప్పింది. టీములో తొమ్మిది మంది ఫైనల్ ఇయర్. లైట్లు చూసే అన్నకి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వచ్చే ఏడాదికి మిగిలేది నలుగురు. "నటించేటోళ్లు ఎట్లనన్న దొరుకుతరు తమ్మీ, లైట్లు, సౌండ్ చూస్కునేటోళ్లే దొరకరు" అంది. ఆ నలుగురితో కాకపోతే ఇంతేనంట, టీము మూసేయడమే. సౌండ్ నేను చూస్తానన్నాను. ఇది రాసే టైముకి రెండు రిహార్సల్స్ అయ్యాయి. నా పని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బండి చప్పుడు, గుడి గంట సరైన మాట మీద వదలడం. చూడటానికి ఒక్క బటన్, కానీ అర సెకను తేడా వస్తే సీన్ పాడవుతుంది.

మీరు వెళ్తే

ముందు వరుసల్లో కూర్చోండి, స్టేజికి మీ నవ్వు వినపడాలి. ఫోన్ జేబులోనే ఉంచండి, చీకటి హాల్లో స్క్రీన్ వెలుగు యాక్టర్ కళ్లలో పడుతుంది. కథ తెలుసుకుని వెళ్లక్కర్లేదు. అయిపోగానే లేచి పోకుండా పది నిమిషాలు ఆగి, ఎవరో ఒకరికి ఏ సీన్ నచ్చిందో చెప్పండి. వాళ్లకి దొరికే రెమ్యునరేషన్ దాదాపు అదే. రవీంద్రభారతి, బంజారాహిల్స్‌లో లమకాన్ లాంటి చోట్ల బోర్డు చూస్తూ ఉండండి. 1885 నుంచి నాటకాలాడుతున్న సురభి వాళ్ల ప్రదర్శన పడితే అస్సలు వదలొద్దు.

ఇంకో మాట. మా కొత్త టీముకి లైట్లు చూసేవాళ్లు ఇంకా దొరకలేదు. ఏ బ్రాంచ్ అయినా పర్లేదు, తెలుగు చదవడం రాకపోయినా పర్లేదు. వాయిస్ నోట్స్ ఉన్నాయి.