వెంట గొనిపోవు గాలి

నీటిని వడగట్టి త్రాగవలెనని మన తల్లులు మనకు నేర్పిరి. గాలిని గూడ వడగట్టుకొనవలసిన దినము వచ్చునని వారు తలంపలేదు. నేడు విశాఖపట్టణమున ఋషికొండ యొద్దను, అండమాను దీవులలోను మన పిల్లలు వీపున గాలి సిలిండరు గట్టుకొని సముద్రములోనికి దిగుచున్నారు. ఆ వేడుకకు మే మడ్డు చెప్పము. కాని యా సిలిండరులోని గాలి యెట్టిదో విచారించుట యింటివారి విధి యని మా తలంపు.

సిలిండరులో నుండునది ప్రాణవాయువు మాత్రమే యని పలువు రనుకొందురు. అది పొరపాటు. సాధారణముగా నందుండునది మనము పీల్చు గాలియే. కంప్రెసరను యంత్రము దానిని సుమారు 200 రెట్లు నొక్కి నింపును. యంత్రము గాలి తీసికొనుచోట పొగ యున్నచో నదియు లోనికి బోవును. యంత్రము మిక్కిలి వేడెక్కి నూనె మాడినను విషవాయువు పుట్టును. దాని పేరు కార్బన్ మోనాక్సైడు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించినవారిని జంపునది యిదియే. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయు వుండవలసిన స్థానమును, దానికంటె 200 రెట్లకు మించిన పట్టుతో నిది యాక్రమించును.

1946 ఆగష్టులో ఫ్రాన్సుదేశమందలి వోక్లూజ్ అను ఊటగుండములోనికి కూస్తో, ద్యూమా అను మిత్రు లిరువురు దిగిరి. ఈ శ్వాసపరికరమును 1943లో గాన్యాన్ అను నింజనీరుతో గూడి నిర్మించినవాడు కూస్తోయే. అట్టివాడు సైతము లోతునకు బోగానే తా నేమి చేయవచ్చెనో మరచెను. ద్యూమాకు స్పృహ తప్పుచుండెను. త్రాటిని ఆరుసార్లు లాగినచో పైకి లాగవలెనను సంకేతము కూస్తోకు తుదకు జ్ఞప్తికి వచ్చెను; ఇరువురును బ్రతికిరి. పిమ్మట సిలిండరులోని గాలిని పరీక్షింపగా 2000 పాళ్లలో నొకపాలు కార్బన్ మోనాక్సైడు తేలెను. వారి క్రొత్త కంప్రెసరు తాను విడిచిన పొగను తానే పీల్చుచుండెను!

నీటిలో ప్రతి 33 అడుగులకు నొక వాయుమండలపు ఒత్తిడి చొప్పున బెరుగును. 160 అడుగుల లోతున నా విషము ఆరురెట్ల బలముతో బనిచేయును. అందుచేత ఒడ్డున నపాయము తోపని గాలియే లోతున ప్రాణాంతకము కావచ్చును. నేటి ఐరోపా ప్రమాణము ననుసరించి పది లక్షల పాళ్లలో నిది 5 పాళ్లకు మించరాదు. వోక్లూజులో నుండినది దానికి నూరురెట్లు.

కావున దిగుటకు ముందు మూడు ప్రశ్న లడుగవలెను. కంప్రెసరు గాలి తీసికొను గొట్టము పొగకు దూరముగా నున్నదా? వడపోతలు వేళకు మార్చుచున్నారా? గాలిని పరీక్షించిన కాగిత మున్నదా? సిలిండరు నొద్ద నుంచి క్షణములో విషమును గనిపెట్టు చిన్న పరికరములు నేడు కలవు. గాలి నూనె వాసన కొట్టినచో దిగరాదు. వాసన లేనంతమాత్రమున నమ్మనురాదు.

నీటినుండి వచ్చినవారికి తలనొప్పి, వాంతి, తలతిరుగుట, మాటల తడబాటు కలిగినచో నలసట యని యుపేక్షింపరాదు. ఒకేచోట నింపిన గాలిని పీల్చిన పలువురి కొకేమారు తలనొప్పి వచ్చినచో గాలినే శంకింపవలెను. వెంటనే శుద్ధ ప్రాణవాయువు నిచ్చి వైద్యునియొద్దకు గొనిపోవలెను. వ్రేలికి దగిలించు పరికరము చూపు అంకెను జూచి ధైర్యపడరాదు. అది యీ విషమును ప్రాణవాయువని భ్రమించును. మిగిలిన గాలిని వదలివేయక, సిలిండరు మూసి పరీక్షకై భద్రపరుపవలెను. ఇతరులను గాపాడు సాక్ష్య మదియే.

ఇట్లడుగుటకు మన పిల్లలు సిగ్గుపడవచ్చును. అడిగినవారిని జూచి నవ్వు వారి సిలిండరు మనకు వలదని వారికి నేర్పుదము.